మెట్ల మీద నీలం రంగు

శ్రావణ మాసం, రెండో బుధవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. అశోక్ నగర్ల ఒక సెల్లార్ రీడింగ్ హాల్. టైమ్ ఇంత కచ్చితంగ గుర్తుండనీకి కారణం ఉన్నది. ఆ హాల్ల గోడ గడియారం ప్రొజెక్టర్ తెరకు సరిగ్గ నెత్తి మీద ఉండె. తెర మీద నేను తయారు చేసిన పొగ సినిమా నడుస్తున్నది. అందరు తెర దిక్కు చూస్తున్నరు, నేను ఒక్కన్నే గడియారం దిక్కు చూస్తున్న. ఎందుకంటే తెర మీద ఉన్నది తప్పు అని అప్పుడే నాకు తెలిసింది. ఆ తప్పు చేసింది నేనే అని కూడ తెలిసింది. ఫైర్ ఆఫీసర్ జేబుల నుంచి పెన్ను తీసిండు.

కొత్తగ కొలువుల చేరిన పిల్లల కోసం ఇది రాస్తున్న. నా ఈడు ముసలోళ్ళకు చెప్పి లాభం లేదు. వాళ్ళు సగం విని వాళ్ళ కథ మొదలుపెడ్తరు.

నేను ముషీరాబాద్ల రేకుల పనోన్ని. హోటళ్ళ వంటశాలలకు, సినిమా హాళ్ళకు గాలి డక్టులు చేసి బిగించేటోన్ని. రేకు కోసుడు, మడుచుడు, అతుకుడు, గంతే. బడి మొఖం చూడలే. నారాయణగూడల ఒక ఆఫీసుకు ఏసీ డక్టు బిగించనీకి పోయి, ఇరవై రెండేండ్లు అక్కడ్నే ఉండిపోయిన. కింద కళ్ళద్దాల దుకాణం, మీద మా ఆఫీసు. గాలి ఎట్ల తిరుగుతది, పొగ ఎటు పోతది, నీళ్ళు ఎట్ల పారుతయి అని కంప్యూటర్ల లెక్కగట్టి చెప్పుడు వాళ్ళ పని. ఆఫీసు పెట్టినాయన ముందు కాలేజీల పాఠాలు చెప్పినోడు. మేమంత 'సార్' అనేటోళ్ళం.

సార్ నన్ను ఎందుకు పెట్టుకున్నడంటే, మొదటి రోజే ఆయన గీసిన డ్రాయింగ్ తప్పు అని మొఖం మీద చెప్పిన.

"సార్, ఈ మూల ఇట్ల మడిస్తే గాలి ఎనక్కి తంతది."

ఆయన మూడు రోజులు కూసొని లెక్క చేసి, "నువ్వు చెప్పిందే కరెక్టయ్యా" అన్నడు.

"నేను మూడు నిమిషాలల్ల చెప్పిన గద సార్, మీకు మూడు రోజులు ఎందుకు?"

"నీ మాట కాయితం మీద రాదు. నాది వస్తది. అదే తేడా."

కాయితం అంటే నాకు భయం. అప్పుడు నా పని సగం ఫీల్డు, సగం కవర్లు పంచుడు. కవర్ల మీద పేరు చదవరాదు కాబట్టి, రంగు గుర్తు పెట్టుకునేటోన్ని. పచ్చ కవరు బ్యాంకుకు, తెల్లది హిమాయత్‌నగర్ ఆర్కిటెక్టుకు, ఎర్ర గీత ఉన్నది ఆడిటర్‌కు. ఏడాది నడిచింది. ఒకనాడు స్టేషనరీ మార్చి ఆరూ ఖాకీ కవర్లు చేతుల పెట్టిన్రు. ఆరూ ఆడిటర్‌కు ఇచ్చి వచ్చిన. బ్యాంకుకు పోయేది పోలే, ఆర్కిటెక్టుకు పోయేది పోలే, ఆడిటర్ ఒక్కడే మస్తు ఖుషీ అయిండు.

ఆ తెల్లారి ఆఫీసుల టైపు చేసే మేడం నన్ను పక్కకు కూసోబెట్టింది. నాకప్పుడు నలభై రెండేండ్లు. లంచ్ టైమ్‌ల అరగంట అక్షరాలు. ఆమె కొట్టలే గాని కొట్టినంత పని చేసింది.

"ఇది ఏంది?"

"ప."

"మరి ఇది?"

"అదే ప మేడం, కింద తోక పెట్టుకున్నది."

"తోక నీకు పెడ్త. మల్ల చెప్పు."

ఏడాదిన్నరల తెలుగు వచ్చింది, ఇంగ్లిషు క్యాపిటల్ అక్షరాలు వచ్చినయి, అంకెలైతే ముందే వచ్చు. ఆలస్యంగ చదువు వచ్చినోనికి రెండు రోగాలు పడ్తయి. ఒకటి, కనబడ్డ బోర్డునల్ల పైకి చదువుడు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాక బస్సుల నేను చదువుతుంటే పక్క సీటోళ్ళు లేసి నిలబడేటోళ్ళు. రెండోది, ఇగ తెల్వదు అనే మాట నోట్లకెళ్ళి రాదు. చదువు రానప్పుడు ఎవర్నైన అడిగేటోన్ని. వచ్చినంక అడుగుడు బంద్ చేసిన.

తర్వాత నాకు కంప్యూటర్ కుర్చీ దొరికింది. ఎట్లనంటే, ఇంజనీర్లకు ఓపిక లేదు, నాకు వేరే పని లేదు.

ఆ పని కొంచెం చెప్పాలె, లేకుంటే నేను చేసిన ఘనకార్యం మీకు తెల్వది. ఒక హాల్ల మంట లేస్తే పొగ ఎటు పోతది అని చూడాలంటే, ఆ హాల్‌ను కంప్యూటర్ల లక్షల చిన్న చిన్న డబ్బాలుగ కోస్తరు. ఒక్కొక్క డబ్బాల పొగ ఎంత, వేడి ఎంత, గాలి ఎటు అని క్షణ క్షణానికి లెక్క. ఆ లెక్క ఎక్కడనో కిరాయికి తీసుకున్న పెద్ద మిషన్ మీద అయితది. మాకు వచ్చేది అంకెల గుట్ట. ఆ గుట్టను చూసి సార్‌కు కూడ ఏం అర్థం కాదు. దాన్ని రంగుల బొమ్మ చెయ్యాలె. పొగ లేని చోట నీలం, పొగ కమ్మిన చోట ఎరుపు. బొమ్మ మీద బొమ్మ పెడితే సినిమా అయితది, అప్పుడు ఎవరికైన తెలుస్తది.

గుట్ట పెద్దది, మా మిషన్ ముసలిది. బటన్ ఒత్తితే ఒక్క బొమ్మ తెరుచుకునే లోపల కిందికి పోయి చాయ్ తాగి రావచ్చు. నేను పోయి తాగి వచ్చేటోన్ని. బొమ్మ దాచిపెట్టి, ఇంకో బటన్ ఒత్తి, మల్ల చాయ్. ఏడేండ్లు ఇదే పని. వేలు ఒక్క బటన్ మీదనే ఉండేది గాని, ఇంట్ల మాత్రం 'లెక్కల మిషన్ నా చేతులనే నడుస్తది' అని చెప్పుకునేటోన్ని.

ఆ మిషన్ల రెండు చిన్న గళ్ళు ఉంటయి. ఏ అంకెకు నీలం, ఏ అంకెకు ఎరుపు అని మనం వాటిల నింపాలె. ఖాళీగ వదిలితే, ముందటున్న దాంట్ల అన్నిటికంటె చిన్న అంకెకు నీలం, అన్నిటికంటె పెద్ద అంకెకు ఎరుపు మిషనే పెట్టుకుంటది. నేను ఎప్పుడు ఖాళీగనే వదిలేటోన్ని. హాల్ మొత్తం ఒక్కటే బొమ్మ కాబట్టి పెద్ద నష్టం కాకపోయేది. ఒకవేళ అయ్యుంటే నా అదృష్టం, నాకు తెల్వలే.

అప్పుడు వచ్చింది కొత్త ఇంజనీరు, నేను ఇంజనీరు బిడ్డ అనేటోన్ని. ఇరవై ఆరేండ్ల పిల్ల, మాట సూటి. వచ్చిన రెండో రోజు నా ఎనక నిలబడి చూసింది.

"కాకా, ఒక్క బొమ్మకు ఇంత సేపా?"

"చాయ్ తాగి వచ్చేదాక బిడ్డా."

"రోజుకు ఎన్ని బొమ్మలు అయితయి?"

"పద్దెనిమిది."

"చాయ్‌లు?"

"పద్దెనిమిది."

"షుగర్ వస్తది కాకా."

"వచ్చి నాలుగేండ్లయింది."

ఆ పిల్ల నవ్వలే. మూల పడ్డ ఎనిమిది పాత కంప్యూటర్లు తెచ్చి దుమ్ము దులిపింది. రెండు నెలలు ఏదో రాసింది. హాల్‌ను రొట్టె కోసినట్టు ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క మిషన్‌కు ఇచ్చింది. ఎవరి ముక్క బొమ్మలు వాళ్ళు చేస్తరు, ఆఖరికి అన్ని అతికిస్తరు. ఇంకో ఉపాయం కూడ చేసింది. "హాల్ అంత గీయుడు ఎందుకు కాకా? మనిషి ముక్కు ఎత్తుల అడ్డంగ ఒక పొర, మెట్ల మీద నిలువుగ ఒక పొర. ఊపిరి తీసేది అక్కడనే గద" అన్నది.

నూట అరవై బొమ్మల సినిమా నాకు తొమ్మిది రోజుల పని. ఆమెకు రెండు చాయ్‌ల సేపు.

సార్ నా ముందటనే చప్పట్లు కొట్టిండు. నేను కూడ కొట్టిన, లోపల కడుపు మండుతుంటె. నా కుర్చీ పోయిందనుకున్న. గాని ఆ పిల్ల, "ఎనిమిదింటిని నడిపేటోళ్ళు కావాలె కాకా, మీరే చూసుకోండి" అన్నది. ఒక్క మిషన్ మనిషిని ఎనిమిది మిషన్ల మనిషినైన. ఆ వారం బస్సుల బోర్డులు ఇంకా గట్టిగ చదివిన.

అప్పుడే రీడింగ్ హాల్ పని వచ్చింది. అశోక్ నగర్ల మీకు తెలిసిందే, ప్రతి ఇల్లు ఒక హాస్టల్, ప్రతి సెల్లార్ ఒక రీడింగ్ హాల్. ఈ హాల్ ఓనర్ అంతకుముందు జిరాక్స్ దుకాణం పెట్టినోడు. సెల్లార్ల నూట ఎనభై సీట్లు ఏసిండు. ఫైర్ ఆఫీసర్ వచ్చి, "దిగనీకి ఎక్కనీకి ఒక్కటే మెట్లు. మంట లేస్తే ఆ మెట్ల మీదికి పొగ ఎంత సేపట్ల వస్తదో నాకు చూపియ్యి. పిల్లలందరు ఎక్కేదాక మెట్లు కనబడితె సంతకం పెడ్త. లేకుంటే ఆ రోజే తాళం" అన్నడు. పరీక్షలకు ఇంక ఏడు వారాలు ఉన్నయి. ఓనర్ పరేషాన్ల మా ఆఫీసుకు ఉరికొచ్చిండు.

కొలతలకు నేనే పోయిన. మా రేకుల పనోళ్ళకు ఒక అలవాటు ఉన్నది: గాలి ఎటు గుంజుతున్నదో చూడనీకి అగరుబత్తి ముట్టించుకొని హాల్ అంత తిరుగుతం. పొగ ఎటు వంగితె గాలి అటు. నేను బత్తి పట్టుకొని బెంచీల మధ్యల నడుస్తుంటె ఓనర్ అడిగిండు:

"ఏందన్నా, వాస్తు పూజనా?"

"మీ గాలి ఎటు పోతుందో చూస్తున్న."

"మస్తు గాలి అన్నా! మెట్ల మీద పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించిన."

నిజమే. ఆ చివర పుస్తకాల అల్మారా కాడ బత్తి పొగ నిటారుగ నిలబడ్డది, గాలి కదలిక లేదు. మెట్ల దగ్గరికి రాంగనే పొగ వంగి, మెట్లెంబడి మీదికి పోయింది. చూసిన. ఎక్కడ గుంజుతున్నదో కొలిచి రాసుకున్న. ఇంటికొచ్చిన. దాని గురించి మల్ల ఆలోచించలే.

లెక్క అయింది, గుట్ట వచ్చింది. ఇంజనీరు బిడ్డ నా పక్కన నిలబడి మొదటి మిషన్ల రెండు గళ్ళు నింపించింది. "ఈ పెద్ద అంకె యాదికుంచుకోండి కాకా. ఇది దాటితే మనిషికి ఎదురుంగ ఉన్న తలుపు కూడ కనబడది. ఎనిమిదింట్ల ఇదే పెట్టండి, తేడా రావద్దు." పెడ్త అన్న. ఆమె వేరే పని మీద పోయింది.

రెండో మిషన్ల అంకెలు పెట్టి ఒక బొమ్మ చూసిన. ఉత్త నీలం. గోడకు నీలిమందు పూసినట్టు ఉన్నది. ఇదేం బొమ్మ అనుకున్న. ఆ రోజు పొద్దున్నే ఓనర్ ఫోన్ చేసి "జర మంచిగ కనబడేటట్టు చెయ్యన్నా, ఆఫీసర్‌కు నచ్చాలె" అని చెప్పిండు కూడ. నేను రెండు గళ్ళు ఖాళీ చేసిన. అంతే, బొమ్మ పెండ్లి పందిరి అయింది! ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, అన్ని రంగులు. ఇది బొమ్మ అంటే, అనుకున్న. మిగిలిన ఆరు మిషన్లల్ల కూడ ఖాళీగనే వదిలేసిన.

నేను చూసింది సినిమాల మొట్టమొదటి బొమ్మ. అప్పటికి మంటనే సరిగ్గ అంటుకోలే. పొగ లేని హాల్ నీలంగ కాక ఎట్ల ఉంటది? పేర్లు పడేటప్పుడే లేసి, సినిమాల కథ లేదు అన్నోని తెలివి నాది.

ఇంకో మాట. ముందటి లెక్కన నడిచి ఉంటే, ఒక్కొక్క బొమ్మ ముందు ఒక చాయ్ సేపు కూసునేటోన్ని. తప్పు ఉంటే ఏదో ఒక చాయ్‌కి కండ్ల పడేది. ఇప్పుడు నూట అరవై బొమ్మలు ఒక్కసారి వచ్చి పడ్డయి. వచ్చినయి గద అని ఎవ్వరం చూడలే. సార్ సినిమాను రెండింతల స్పీడుల ఉరికించి "శభాష్" అన్నడు. ఇంజనీరు బిడ్డ మొదటి ముక్క, మంట ఉన్న ముక్క, చూసి సరే అన్నది. అది ఆమె ముందట నింపిన మిషన్ది, సక్కగనే ఉన్నది.

ఇగ ఆ బుధవారం. ఆఫీసర్ హాల్లనే సినిమా చూస్త అన్నడు, జాగా ఎదురుంగ ఉండాలె అని. ఓనర్ పిల్లల్ని లేపలే, "కూసోండి, మీరు కూడ చూడండి, మన హాల్ ఎంత సేఫో తెలుస్తది" అన్నడు. మా సార్, ఇంజనీరు బిడ్డ ఒక పక్కకు కూసున్నరు, ప్రొజెక్టర్ కాడ నేను. కొత్త అంగీ ఏసుకున్న.

సినిమా మొదలైంది. మంట, పొగ. నిమిషం దాటింది, మూడు దాటినయి. ఆ చివర అల్మారా కాడ ఎర్రగ కమ్ముకున్నది. మెట్ల కింద భాగమంత సక్కని నీలం.

"చూసిన్రా సార్! మెట్లు అద్దం తీరు ఉన్నయి" అన్నడు ఓనర్. "అల్మారా ఇయ్యాల్నే తీపిస్త."

ఆఫీసర్ తల ఊపిండు. "ఈ నిలువు గీత ఏంది? ఈ పక్క ఎరుపు, ఆ పక్క నీలం. అక్కడ తలుపు ఉన్నదా?"

"గ్లాస్ డోర్ సార్," అన్నడు ఓనర్. తర్వాత తిరిగి చూసుకొని, "అంటే... పెట్టిస్తం సార్."

గప్పుడు చూసిన నేను ఆ గీతను. అదేందో నాకు చెప్పనక్కర లేదు. ముప్పై ఏండ్లు రేకులు అతికిన చెయ్యి ఇది. అది అతుకు. రెండు ముక్కలు కలిసిన కాడ రంగు తెగింది. రేకుకు అతుకు ఉంటది గాని గాలికి అతుకు ఉంటదా? పైగా ఆ అల్మారా కాడ గాలి కదలదు, పొగ అటు పోదు. పొగ పోయేది మెట్ల దిక్కు. నా బత్తి నాకు చూపెట్టనే చూపెట్టింది.

ఎనిమిది ముక్కలు ఎనిమిది తీర్ల రంగులు వేసుకున్నయి. అల్మారా ముక్కల ఉన్నది పిడికెడు పొగ, అందుల ఎక్కువున్న కాడ ఎరుపు. మెట్ల ముక్క మొత్తం నల్లటి పొగ, అందుల జర తక్కువున్న కాడ నీలం.

మంచోడైతే అప్పుడే లేసి నిజం చెప్పేటోడు. నేనేం చేసిన్నో చెప్పనా? కాలితోని ప్రొజెక్టర్ ప్లగ్గు తన్నిన.

తెర నల్లగైంది. ముందు బెంచీల ఒక ఆడపిల్ల కూసున్నది, పోలీసు కొలువుకు చదివే పిల్ల. చటుక్కున వంగి ప్లగ్గు మల్ల పెట్టింది. "తాతా, మీ కాలు తాకింది, జర చూసుకోండి" అన్నది ఎంతో మర్యాదగ.

మల్ల తన్నిన. మల్ల పెట్టింది.

"తాతా, కాలు ఇటు పెట్టుకోన్రి. ఏమన్న నొప్పి ఉన్నదా?"

ఆఫీసర్ కాయితం మోకాలు మీద పెట్టుకున్నడు. పెన్ను మూత తీసిండు. పదకొండు ఇరవై.

"సంతకం పెట్టకున్రి సార్" అన్న.

హాల్ అంత నా దిక్కు తిరిగింది. మా సార్ ముఖం చూస్తే కత్తి వాటుకు నెత్తురు చుక్క లేదు.

"నువ్వు ఎవరయ్యా?" అన్నడు ఆఫీసర్.

"ఈ బొమ్మలు చేసినోన్ని సార్. మెట్ల మీద నీలం రంగు అబద్ధం."

"అబద్ధం అంటే?"

ఇంజనీర్ల మాటలు నాకు రావు, వచ్చిన మాటలతోనే చెప్పిన. "ఎనిమిది బడులు ఉన్నయి అనుకోన్రి సార్. ఒక బడిల ఫస్టు వచ్చినోనికి తొంభై మార్కులు, ఇంకో బడిల ఫస్టు వచ్చినోనికి ఇరవై. నేను ఇద్దరికి ఒకటే ఎర్ర రిబ్బన్ కట్టిన. తొంభైల బడిల ఎనభై వచ్చినోడు ఆఖరోడు, వానికి నీలం రిబ్బన్ కట్టిన. ఆ మెట్లు ఆ పిల్లగాడు సార్."

ఆ పోలీసు కొలువు పిల్ల ఎనక్కి తిరిగి గట్టిగ అన్నది: "అంటే నార్మలైజేషన్ షిఫ్టుకొకటి చేసిండు!"

హాల్ అంత గొల్లున నవ్వింది. నార్మలైజేషన్ అంటే వేరే వేరే షిఫ్టుల రాసినోళ్ళ మార్కులను ఒక్క కొలతకు తెచ్చుడట. పరీక్షలు రాసే పిల్లలకు అంతకంటె బాగ ఎవరు చెప్పలేరు. ఒక్క మాటల నూట డెబ్బై మందికి అర్థమైంది.

ఇంజనీరు బిడ్డ నా దగ్గరికి వచ్చి మెల్లగ అడిగింది. "కాకా, అంకెలు పెట్టలేదా?"

"పెట్టి తీసేసిన బిడ్డా."

"ఎందుకు?" అని ఆఫీసర్ అడిగిండు, ఆమె కంటె ముందు.



"అందం కోసం సార్."

"అందం కోసమా?"

"రంగులు బాగ వచ్చినయని."

ఈసారి ఎవ్వరు నవ్వలే. ఓనర్ మాత్రం, "సార్, పెద్దమనిషి, వయసు మీద పడ్డది, ఏదో అంటడు. బొమ్మ మంచిగనే ఉన్నది గద" అన్నడు. మా సార్ లేసి ముందుకొచ్చిండు. తర్వాత ఆయన అన్న మాట వల్లనే నేను ఆయన దగ్గర పని చేసిన్నని ఇప్పటికి చెప్పుకుంట. "లేదు సార్. మా మనిషి చెప్పేది నిజమే అయి ఉంటది. మాకు కొంచెం టైమ్ ఇయ్యండి."

"ఎన్ని రోజులు?"

ఇంజనీరు బిడ్డ ల్యాప్‌టాప్ తెరిచింది. "రోజులు కాదు సార్. అరగంట."

అక్కడ్నే ఒక బెంచీ మీద కూసొని, నారాయణగూడల ఉన్న ఎనిమిది మిషన్లను అక్కడి నుంచే లేపింది. ఎనిమిదింట్ల ఒకటే అంకె పెట్టింది. ఒక్కొక్కటి పెట్టినప్పుడల్ల నా దిక్కు స్క్రీన్ తిప్పి చూపెట్టింది. నేను ఒక్కొక్క అంకె పైకి చదివిన. బోర్డులు చదివిన గొంతు కాదది. నా పాత మిషన్ అయ్యుంటే ఆఫీసర్ అప్పుడే లేసి పోయేటోడు, తొమ్మిది రోజుల తర్వాత ఆ కాయితం ఏ బల్ల మీద ఉండేదో, ఎవరు సంతకం పెట్టేటోళ్ళో. వేగం మీద నాకు కోపం లేదు పిల్లలారా. తప్పు నాది. దాన్ని అదే పూట పట్టించింది ఆ పిల్ల తెచ్చిన వేగమే.

కొత్త సినిమా అందంగ లేదు. మొదట్ల అంత నీలం. అల్మారా కాడ ఆఖరి దాక నీలమే. రెండు నిమిషాల నలభై సెకండ్లకు కింది మెట్టు ఎర్రబడ్డది. మూడో నిమిషానికి పై మెట్టు. తర్వాత మెట్లు లేవు, ఎరుపు ఒక్కటే ఉన్నది. ఓనర్ ముచ్చటపడి పెట్టించుకున్న ఫ్యాన్, పొగనంత గుంజి బయటికి పోయే ఒక్క తొవ్వల నింపుతున్నది.

ఆఫీసర్ పెన్నుకు మూత పెట్టిండు. "ఇయ్యాల్నుంచి బంద్" అన్నడు.

ఆ పోలీసు కొలువు పిల్ల లేసి నా ముందు నిలబడ్డది. ఇంతకుముందటి మర్యాద లేదు ఇప్పుడు.

"ఐదు వారాలు తాతా. మేం ఎక్కడ కూసోవాలె?"

"చిక్కడపల్లి లైబ్రరీ ఉన్నది గద బిడ్డా."

"అక్కడ సీటు దొరకాలంటే పొద్దు పొడవకముందే పోయి లైన్ల నిలబడాలె. రూముల ఏడుగురం ఉంటం, చదవనీకి లైటు కూడ మా వంతు రాదు. మీరు ముందే సక్కగ చేసి ఉంటే ఆ నాడే తెలిసేది, ఇంకో హాల్ చూసుకునేటోళ్ళం."

ఆమె చెప్పింది అక్షరం తప్పు లేదు. 

తర్వాతి సంగతి ఇక్కడ్నే చెప్పేస్త. ఓనర్ ఎనక సందు దిక్కు గోడ పగలగొట్టి ఇంకో మెట్లు కట్టిచ్చిండు, ఫ్యాన్ జాగా మార్చిండు. అది అయ్యేసరికి పరీక్షలు దాటిపోయినయి. ఆ పిల్లకు కొలువు వచ్చిందో రాలేదో నాకు తెల్వదు. రాకుంటే అందుల నా వాటా ఉన్నది. మా ఆఫీసుల ఆ గళ్ళు ఖాళీగ ఉంటే మిషన్ నడవకుండ ఇంజనీరు బిడ్డ కట్టడి చేసింది. అయినా ఎవరు ఏ పని సగం చేసినా, "అందం కోసమా?" అని అడుగుడు అలవాటైంది. టైపు మేడం రిటైరయ్యే నాడు నా చెవుల కూడ అదే అడిగి పోయింది. నన్ను తీసెయ్యలే. ఇంకో మూడేండ్లు అదే కుర్చీల పని చేసిన. ప్రతి సినిమా మొదటి నుంచి ఆఖరి దాక, స్పీడు పెంచకుండ చూసేటోన్ని. బోర్ కొట్టేది. కొట్టనీ.

మల్ల ఆ మధ్యాహ్నానికి వస్త. బంద్ అనంగనే పిల్లలు పుస్తకాలు సర్దుకొని లేసిన్రు. గొడవ లేదు, తోపులాట లేదు, పొగ లేదు, లైట్లన్ని వెలుగుతున్నయి. బ్యాగులు భుజానికి ఏసుకొని, ఒకరెనక ఒకరు, ఆ ఇరుకు మెట్లు ఎక్కిన్రు. ఆఫీసర్ కింద నిలబడి చేతి గడియారం చూస్తున్నడు. నేను గోడ గడియారం చూస్తున్న. పిల్లలల్ల ఆఖరోడు మెట్లు ఎక్కేసరికి పదకొండు నిమిషాలు అయింది.

పదకొండు. ఆఫీసర్ నా దిక్కు చూసిండు. తెర మీద మెట్లు మూడు నిమిషాలకే పోయినయి.

పేర్లు రాయను, గాని ఆ రోజు ఆ సెల్లార్ల ఎవరెవరు ఉన్నరో రాయాలె. మా సార్ ఉన్నడు. ఇంజనీరు బిడ్డ ఉన్నది. హాల్ ఓనర్, ఆయన పక్కన ఫీజు రసీదులు రాసే తమ్ముడు. ఫైర్ ఆఫీసర్, ఆయనతోని వచ్చిన డ్రైవర్. పోలీసు కొలువుకు చదివే ఆడపిల్ల. ఆమె బెంచీల ఇద్దరు వనపర్తి అక్కచెల్లెండ్లు, ఒకటే పుస్తకం పంచుకొని చదివేటోళ్ళు. మూడోసారి గ్రూప్స్ రాస్తున్న ఒకాయన, గడ్డం నెరిసింది. చేతుల ఊతకర్ర ఉన్న పిల్లగాడు, మెట్ల మీద అతని కోసం ఎనకున్నోళ్ళంత ఆగిన్రు. ఇంక నూట అరవై మందికి పైగ, ఎవరి ఊరు ఏదో నేను అడగలే. మెట్ల కింద చెప్పులు సర్దుతూ ఊడ్చే అక్క ఒకామె. హాల్ల ఎంతమంది ఉంటరు అని మేము రాసుకున్న లెక్కల ఆమెను ఎవ్వరం రాయలే. ఆఖరికి లైట్లు ఆర్పి ఎక్కింది ఆమెనే. ఆమె ఎనక నేను.